వంగిన సరళరేఖ

ఉద్దేశం

వయసు పైబడినకొద్దీ చూపు మందగించడం సహజమేనన్న నమ్మకం వల్ల అనేకులు సకాలంలో వైద్యుని వద్దకు వెళ్లడం లేదు. నేత్రపటలం నడిభాగాన్ని క్షీణింపజేసే వ్యాధి స్వభావాన్ని, దానిని ఇంటిలోనే పసిగట్టే పద్ధతిని, నేడు అందుబాటులో ఉన్న చికిత్సను విద్యార్థులకు తెలియజేయడం, ఇంటి పెద్దల పట్ల వారి బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సర్వేంద్రియాలలో నయనం ప్రధానమని పెద్దలు చెప్పారు. ఆ నయనంలోనూ ప్రధానమైన స్థానం ఒకటి ఉంది. అది కంటి వెనుక భాగంలో, నేత్రపటలం నట్టనడుమ, ఇంచుమించు పెసరగింజంత ప్రదేశం. అక్షరాన్ని చదవడానికి, ఎదుటి మనిషి ముఖాన్ని గుర్తించడానికి, సూదిలో దారం ఎక్కించడానికి మానవుడు ఆధారపడేది ఆ చిన్న చోటు మీదనే. వయసు మీరిన కొందరిలో ఆ చోటు క్రమంగా క్షీణిస్తుంది. ఈ వ్యాధికి నొప్పి లేదు, కంటిలో ఎరుపు లేదు, నీరు కారడం లేదు. పైగా అది ఒక కంటిలో మొదలై రెండవ కంటి చాటున దాగి ఉంటుంది. అందువల్లనే దీనిని గురించి తెలుసుకోవడం అత్యవసరం.

హైదరాబాద్ నగరానికి తూర్పున, విజయవాడకు వెళ్లే జాతీయ రహదారిపై దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ వరుసగా ఉన్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైంది. నాటి నుంచి ఈ రహదారి నడుమ బారులు తీరిన కాంక్రీటు స్తంభాలే ఇక్కడివారికి కొండగుర్తులు. ప్రతి స్తంభం మీద ఒక సంఖ్య ఉంటుంది. దుకాణానికైనా, ఆసుపత్రికైనా దారి చెప్పవలసి వస్తే జనం ముందుగా పిల్లర్ నంబరే చెబుతారు. రోడ్డుకు ఇరువైపులా శిక్షణ కేంద్రాల ప్రకటనలు, వసతి గృహాల పేర్లు, బస్సుల నంబర్లు కళ్ల ముందు నిలుస్తాయి. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల నుంచి నగరానికి వచ్చేవారిలో అనేకులు మొదట దిగేది ఎల్.బి.నగర్ కూడలిలోనే. ఈ దారిలో అడుగడుగునా చూపుకు పని ఉంది. చూపు నడుమ చీకటి పడినవారికి ఈ దారి ఎంత కష్టమో ఊహించడం తేలిక కాదు.

ఈ ప్రాంతంలోని ఒక సాధారణ కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించవచ్చు. డెబ్బై రెండేళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడు చైతన్యపురిలో కుమారుని ఇంట ఉంటున్నాడు. మనుమడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ముప్పై ఐదేళ్లు నల్లబల్ల మీద అక్షరాలు దిద్దించిన ఆ వృద్ధునికి వార్తాపత్రిక చదవనిదే తెల్లవారినట్లుండదు. కొంతకాలంగా ఆయన పత్రికను కిటికీ దగ్గరకు తీసుకుపోయి చదువుతున్నాడు. "ఈ మధ్య అక్షరాలు మరీ చిన్నగా అచ్చువేస్తున్నారు" అని విసుక్కుంటున్నాడు. కళ్లజోడు అద్దాలు ఒకసారి మార్పించుకున్నాడు. అయినా తృప్తి కలగలేదు.

ఒకనాడు రోడ్డు మీద ఆయన కుడికంటిలో దుమ్ము పడింది. ఆ కన్ను మూసుకొని, ఎడమకంటితో ఎదుట ఉన్న మెట్రో స్తంభాన్ని చూశాడు. స్తంభం నడుమ భాగం వంగి ఉన్నట్లు కనిపించింది. దాని మీది సంఖ్య ఉండవలసిన చోట బూడిదరంగు మచ్చ ఉంది. కుడికన్ను తెరవగానే స్తంభం మళ్లీ తిన్నగా నిలిచింది, సంఖ్య కనిపించింది. ఆయన ఈ సంగతి ఇంటిలో ఎవరికీ చెప్పలేదు. శుక్లం వచ్చి ఉంటుందని, అది ముదిరిన తరువాత ఆపరేషన్ చేయించుకోవచ్చునని అనుకున్నాడు. మనుమడి పరీక్షలు ముగిసేదాకా కొడుకు చేత ఖర్చు పెట్టించకూడదనుకున్నాడు. అలా నాలుగు నెలలు గడిచాయి.

వంగినది స్తంభం కాదు, దాని ప్రతిబింబం పడే తెర. ఆ తెర ఎట్లా వంగుతుందో తెలియాలంటే కంటి నిర్మాణాన్ని కొంత గుర్తుచేసుకోవాలి. కంటికి వెలుపలి నుంచి లోపలికి దృఢస్తరం, రక్తపటలం, నేత్రపటలం అనే మూడు పొరలు ఉంటాయి. నేత్రపటలాన్నే రెటీనా అంటారు. వస్తువు నుంచి వచ్చిన కాంతి కంటిపాప గుండా లోపలికి ప్రవేశించి, కటకం గుండా సాగి, నేత్రపటలం మీద ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. అక్కడ దండాలు, శంకువులు అనే కాంతిగ్రాహక కణాలు ఉంటాయి. ఒక కంటిలో దండాలు సుమారు 12 కోట్లు, శంకువులు సుమారు 60 లక్షలు. దండాలు మసక వెలుతురులో చూడటానికి, శంకువులు రంగులను, సూక్ష్మమైన వివరాలను చూడటానికి ఉపయోగపడతాయి. శంకువులు మిక్కిలి దట్టంగా కూడి ఉన్న ప్రదేశమే పచ్చచుక్క. వైద్యులు దీనిని మాక్యులా అంటారు. దీని వ్యాసం సుమారు 5.5 మిల్లీమీటర్లు. ల్యూటిన్, జియాజాంథిన్ అనే పసుపుపచ్చని వర్ణకాలు అక్కడ చేరి ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది.

ఈ కణాలు పగలంతా విశ్రాంతి లేకుండా పనిచేస్తాయి. వాటికి వెనుక ఉన్న వర్ణక కణాల పొర వాటికి ఆహారాన్ని అందిస్తుంది, అవి విడిచిన వ్యర్థాలను తొలగిస్తుంది. వయసు పైబడేకొద్దీ ఈ పారిశుద్ధ్యం మందగిస్తుంది. తొలగని వ్యర్థాలు ఆ పొర కింద చిన్నచిన్న పసుపు గుట్టలుగా పేరుకుంటాయి. వీటిని డ్రూసెన్ అంటారు. గుట్టలు చిన్నవిగా, కొద్దిగా ఉన్నప్పుడు చూపునకు లోటు రాదు. అవి పెద్దవై, సంఖ్య పెరిగినప్పుడు పై కణాలకు పోషణ అందక పచ్చచుక్క క్షీణిస్తుంది. సాధారణంగా యాభై ఏళ్లు దాటిన తరువాత కనిపించే ఈ వ్యాధినే వయోసంబంధ మాక్యులా క్షీణత అంటారు. వైద్యశాలల్లో దీనిని ఏఎండీ అనే పొట్టి పేరుతో వ్యవహరిస్తారు.

ఈ వ్యాధి రెండు విధాలు. మొదటిది పొడి రకం. ఎక్కువమందిలో కనిపించేది ఇదే. దీనిలో కణాలు నెమ్మదిగా, సంవత్సరాల తరబడి నశిస్తాయి. రెండవది తడి రకం. ఇది పదిమందిలో ఒకరిద్దరికే వస్తుంది కాని, ప్రమాదం దీనిలోనే అధికం. రక్తపటలం నుంచి కొత్త రక్తనాళాలు పుట్టి, అడ్డుపొరను చీల్చుకొని నేత్రపటలం కిందికి చొరబడతాయి. అవి గట్టివి కావు. వాటి నుంచి నీరు, రక్తం ఊరుతాయి. ఆ ఊటకు నేత్రపటలం ఉబ్బుతుంది. తడిసి ఉబ్బిన కాగితం మీద గీసిన గీత తిన్నగా ఉండదు కదా! సరళరేఖలు వంకరగా కనిపించడానికి కారణం ఇదే. ఊట ఆగకపోతే కొన్ని వారాల్లో, నెలల్లో అక్కడ మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట చూపు తిరిగి రాదు. పొడి రకం ఉన్న కంటిలో తడి రకం ఎప్పుడైనా ఆరంభం కావచ్చు.

ఇంతటి నష్టం జరుగుతున్నా రోగికి ఎందుకు తెలియదు? దీనికి కారణం మెదడు చూపే నేర్పే. ప్రతి మనిషి కంటిలోనూ దృష్టినాడి బయలుదేరే చోట కాంతిగ్రాహక కణాలు లేని అంధచుక్క ఉంటుంది. అయినా ఎవరికీ ఎదుట రంధ్రం కనిపించదు. ఒక కంటి లోటును మరొక కన్ను పూరిస్తుంది, మిగిలినది మెదడు అల్లుకుంటుంది. ఎడమకంటి నడిచూపు పోతున్నప్పుడు కూడా కుడికన్ను ఆ పనిని తన మీద వేసుకుంటుంది. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతకాలం లోకం సక్రమంగానే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఈ విధంగా చేసే మేలే రోగికి కీడవుతుంది. రెండవ కన్ను కూడా చెడినప్పుడు గాని మొదటి కన్ను ఎప్పుడో పోయిందని తెలియదు.

వృద్ధుల చూపు తగ్గడానికి కారణాలు పలు విధాలు. వాటిని ఒకే గాటన కట్టడం తగదు. నలభై ఏళ్లు దాటగానే దగ్గరి అక్షరాలు కనబడకపోవడం చత్వారం. అది అద్దాలతో సరిపోతుంది. కటకం మసకబారడం శుక్లం. అందులో చూపంతా పొగమంచు కమ్మినట్లుంటుంది. శస్త్రచికిత్సతో కొత్త కటకం అమర్చితే చూపు తిరిగి వస్తుంది. కంటిలోని పీడనం సాధారణంగా పెరిగి దృష్టినాడి దెబ్బతినడం నీటికాసులు. అది అంచుల నుంచి చూపును హరిస్తుంది. మాక్యులా క్షీణత దీనికి విరుద్ధం. అంచులు నిలిచి ఉంటాయి, నడుమ పోతుంది. రోగి గోడ పట్టుకోకుండానే ఇల్లంతా తిరుగగలడు కాని, గుమ్మంలో నిలిచినది కొడుకో, పొరుగువాడో పోల్చుకోలేడు. శుక్లం విషయంలో ఆలస్యమైతే చాలావరకు సరిదిద్దుకోవచ్చు. తడి రకం మాక్యులా క్షీణతలో ఆలస్యం చేస్తే చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్నట్లే అవుతుంది. కారణమేదో తేల్చవలసినది వైద్యుడే గాని రోగి ఊహ కాదు.

తెలుగునాట ఈ వ్యాధి ఎంతవరకు ఉన్నదో పరిశోధకులు పరిశీలించారు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం పేరిట విస్తృతమైన సర్వే జరిపింది. 'మిస్సమ్మ' వంటి చిత్రాలకు దర్శకత్వం వహించిన ఎల్.వి.ప్రసాద్ ఉదార విరాళంతో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నాయకత్వంలో 1987లో పనిచేయడం ప్రారంభించిన సంస్థ ఇది. ప్రేక్షకుల కన్నుల పండుగే వృత్తిగా జీవించిన కళాకారుని పేరు ఒక కంటి ఆసుపత్రికి స్థిరపడటం ఎంతో సముచితం. ఆ అధ్యయనంలో హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలోని 10,293 మందిని పరీక్షించారు. అంధత్వంలో సుమారు 60 శాతానికి శుక్లాలు, అద్దాలతో సరిచేయదగిన దృష్టిలోపాలే కారణమని వెల్లడైంది. నలభై ఏళ్లు, ఆపై వయసు గలవారిలో సుమారు 1.8 శాతం మందిలో మాక్యులా క్షీణత కనిపించింది. ఈ శాతం చిన్నదే కాని, ఆయుర్దాయం పెరిగేకొద్దీ వృద్ధుల సంఖ్యతో పాటు రోగుల సంఖ్యా పెరుగుతుంది. ప్రపంచం మొత్తం మీద 2020 నాటికి 19.6 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంటుందని, 2040 నాటికి ఆ సంఖ్య 28.8 కోట్లకు చేరుతుందని 2014లో వెలువడిన ఒక అంచనా తెలిపింది.

వయసును ఎవరూ ఆపలేరు. తల్లిదండ్రుల నుంచి సంక్రమించే జన్యువులను ఎవరూ మార్చుకోలేరు. కాని మనిషి చేతిలో ఉన్న కారణాలూ కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది పొగాకు. చుట్టలు అధికంగా కాల్చినవారిలో ఈ వ్యాధి ఎక్కువగా ఉన్నట్లు పై అధ్యయనమే తేల్చింది. చుట్ట, బీడీ, సిగరెట్ ఏదైనా ఊపిరితిత్తులతో పాటు కంటినీ కాలుస్తాయి. రక్తపోటును అదుపులో ఉంచుకోవడం, శరీర శ్రమ చేయడం కూడా మేలు చేస్తాయి. పచ్చచుక్కలోని ల్యూటిన్, జియాజాంథిన్ వర్ణకాలను శరీరం స్వయంగా తయారుచేసుకోలేదు, ఆహారం నుంచే గ్రహించాలి. పాలకూర, తోటకూర, బచ్చలి, మునగాకు, మొక్కజొన్న, గుడ్డులోని పచ్చసొన వాటికి నిలయాలు. సరూర్‌నగర్ రైతుబజారులో పది రూపాయలకో, ఇరవై రూపాయలకో దొరికే ఆకుకూరలను తక్కువ చూపు చూడరాదు.

అమెరికా జాతీయ నేత్ర సంస్థ జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2001లో మరొక విషయాన్ని వెల్లడించింది. వ్యాధి మధ్యస్థ దశలో ఉన్నవారికి విటమిన్ సి, విటమిన్ ఇ, జింకు మొదలైనవి నిర్ణీత మోతాదులో ఇస్తే, అయిదేళ్లలో అది ముదిరే అవకాశం సుమారు 25 శాతం తగ్గింది. ఆ మిశ్రమంలోని బీటా కెరోటిన్ పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదాన్ని పెంచుతుంది కనుక, 2013లో వెలువడిన రెండవ అధ్యయనం దాని స్థానంలో ల్యూటిన్, జియాజాంథిన్‌లను సూచించింది. ఈ మాత్రలు పోయిన చూపును తిరిగి తేలేవు, వ్యాధి లేనివారికి రక్షణ కల్పించలేవు. వైద్యుని సలహా లేకుండా దుకాణంలో కొని మింగడం వల్ల ప్రయోజనం లేదు.

తడి రకానికి చికిత్సలో గొప్ప మార్పు ఈ శతాబ్దం ఆరంభంలో వచ్చింది. కొత్త రక్తనాళాలను పుట్టించే ప్రోటీనును నెపోలియోన్ ఫెరారా అనే శాస్త్రవేత్త 1989లో వేరుచేశాడు. దానిని అడ్డుకునే రానిబిజుమాబ్ అనే మందుకు 2006లో అమెరికాలో ఈ వ్యాధి చికిత్సకై అనుమతి లభించింది. అంతకుముందు చూపు పోవడాన్ని కొంత నెమ్మదింపజేయడమే వైద్యులకు సాధ్యమయ్యేది. ఈ మందుతో అత్యధికులలో చూపు నిలిచింది, కొందరిలో మెరుగైంది కూడా. పెద్దపేగు క్యాన్సర్ కోసం తయారైన బెవాసిజుమాబ్ అనే మందు ఇంతే చక్కగా చూపును కాపాడుతుందని 2011లో వెలువడిన ఒక పరిశోధన నిరూపించింది. దాని వెల చాలా తక్కువ కావడం సామాన్య కుటుంబాలకు ఊరట. మత్తుచుక్కలు వేసి, సన్నని సూదితో మందును కంటిలోని కాచావత్ కక్ష్యలోకి పంపుతారు. కంటిలో సూది అనగానే భయం కలగడం సహజం. కాని అది కొద్ది క్షణాల పని, నొప్పి స్వల్పం. మొదట నెలకొకసారి, తరువాత వైద్యుడు నిర్ణయించిన వ్యవధిలో ఇంజెక్షన్లు కొనసాగాలి. చూపు బాగుందని నడుమ మానివేస్తే ఊట మళ్లీ మొదలయ్యే ప్రమాదం ఉంది. పొడి రకం ముదిరిన దశలో కణాల నాశనాన్ని కొంత నెమ్మదింపజేసే రెండు మందులకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. అవి కూడా పోయిన చూపును తిరిగి ఇవ్వలేవు.

వ్యాధిని తొలిదశలోనే పసిగట్టడానికి ఖరీదైన యంత్రం అవసరం లేని పద్ధతి ఒకటి ఉంది. స్విట్జర్లాండ్‌కు చెందిన మార్క్ ఆమ్‌స్లర్ అనే నేత్రవైద్యుడు దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. తెల్లకాగితం మీద 10 సెంటీమీటర్ల చదరం గీసి, దానిని 5 మిల్లీమీటర్ల చిన్న గళ్లుగా విభజించి, నడుమ ఒక చుక్క పెట్టాలి. చదివే అద్దాలు ధరించి, మంచి వెలుతురులో ఆ కాగితాన్ని 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఒక కన్ను పూర్తిగా మూసి, రెండవ కంటితో చుక్కనే చూడాలి. తరువాత రెండవ కన్ను మూసి అదే విధంగా చేయాలి. గీతలు వంగినా, తెగినా, ఎక్కడైనా గళ్లు మాయమైనా జాప్యం లేకుండా కంటి వైద్యుని దర్శించాలి. కాగితం లేనప్పుడు కిటికీ చువ్వలు, తలుపు చట్రం, నేల మీది పలకల అంచులు, రోడ్డు మీది స్తంభాలు కూడా హెచ్చరిక చేయగలవు. ముఖ్యమైన నియమం ఒక్కటే: కళ్లను విడివిడిగా పరీక్షించాలి.

అయితే ఇంటి పరీక్ష వైద్య పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. తొలి దశలో గీతలు తిన్నగానే కనిపించవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ప్రారంభించిన కంటి వెలుగు కార్యక్రమం, 2023 జనవరి 18న ఖమ్మంలో ప్రారంభమైన దాని రెండవ విడత ఊరూరా శిబిరాలు నెలకొల్పి కళ్లజోళ్లు అందజేశాయి. అద్దాలు ఇచ్చే పరీక్ష వేరు, నేత్రపటలాన్ని పరిశీలించే పరీక్ష వేరు. దీనికై చుక్కల మందు వేసి కంటిపాపను విప్పార్చి లోపల చూస్తారు. అవసరమైతే ఓసీటీ అనే యంత్రంతో నేత్రపటలం పొరలను చిత్రిస్తారు. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో ప్రైవేటు కంటి వైద్యశాలలు ఉన్నాయి. మెహిదీపట్నం సమీపంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఈ వ్యాధి ఉంటే, వారి తోబుట్టువులు, యాభై దాటిన సంతానం కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది.

చూపు కొంత పోయినవారికి జీవితం ముగిసినట్లు కాదు. ఈ వ్యాధి ఒక్కటే సాధారణంగా మనిషిని పూర్తి చీకటిలోకి నెట్టదు. అంచుచూపు మిగిలి ఉంటుంది. భూతద్దాలు, పెద్ద అక్షరాలు, పుస్తకంపై సూటిగా పడే దీపం, అక్షరాలను పెంచి చూపే, చదివి వినిపించే మొబైల్ ఫోన్లు ఎంతో తోడ్పడతాయి. చూపును కొద్దిగా పక్కకు నిలిపి చూడటాన్ని శిక్షణతో అలవరచుకోవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అల్పదృష్టిని కూడా వైకల్యాలలో చేర్చింది. నడిచూపు పోయిన కొందరికి లేని మనుషులు, పూలు, భవనాలు కళ్ల ముందు కనిపిస్తుంటాయి. స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త షార్ల్ బొనే 1760లో తన తాతగారి అనుభవాన్ని ఆధారంగా చేసుకొని దీనిని వివరించాడు. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. ఖాళీ అయిన చోటును మెదడు నింపుకునే ప్రయత్నం మాత్రమే. చెబితే నవ్వుతారేమోనని వృద్ధులు దీనిని దాచుకుంటారు. ఆనాడు ఒక మనుమడు తాత మాటను నమ్మి విన్నాడు కనుకనే లోకానికి ఈ సంగతి తెలిసింది.

చైతన్యపురిలోని తాతామనుమల విషయానికి వస్తే, నాలుగు నెలల తరువాత మనుమడే అసలు సంగతి కనిపెట్టాడు. పరీక్షలు ముగిసిన రోజున తాతకు ప్రశ్నపత్రం చూపించాడు. ఆయన దానిని కుడివైపుకు జరుపుకొని, తల వంచి చదవడం గమనించి, "తాతా, ఒక్కో కన్ను మూసి చూడు" అన్నాడు. మరునాడే తండ్రితో కలిసి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎడమకంటిలో అప్పటికే మచ్చ కట్టింది. ఇంజెక్షన్లతో ఊట ఆగింది కాని, నడిచూపు తిరిగి రాలేదు. కుడికంటిలో పొడి రకం మాత్రమే ఉందని, ప్రతివారం గమనిస్తుండాలని వైద్యులు చెప్పారు.

ఆ వృద్ధుడు తానే స్కేలు పట్టి గళ్లు గీశాడు. ఆ కాగితాన్ని బీరువా తలుపుకు అంటించారు. ప్రతి ఆదివారం మనుమడు తాత ఎడమకన్ను మూసి, "గీతలు తిన్నగా ఉన్నాయా తాతా?" అని అడిగేవాడు. "తిన్నగానే ఉన్నాయి బిడ్డా" అని ఆయన జవాబు. సంవత్సరం గడిచాక ఒక ఆదివారం ఆయన కొంతసేపు మౌనంగా నిలిచాడు. తరువాత, "కింది గీత కొంచెం వంగింది" అన్నాడు. ఈసారి ఆయన దాచలేదు, ఇంటివారు ఆలస్యం చేయలేదు. మరునాడు ఉదయమే వైద్యుని వద్దకు వెళ్లారు. ఊట అప్పుడే మొదలైంది. ఆ వారంలోనే చికిత్స ఆరంభమైంది. కొన్ని నెలలకు ఆ గీత తిన్నబడింది. నేటికీ ఆయన ఉదయం పత్రిక చదువుతున్నాడు.

మొదటి కంటిని పోగొట్టిన వ్యాధి, రెండవ కంటికి వచ్చిన వ్యాధి ఒక్కటే. ఆ నాలుగు నెలలే రెండు కళ్ల గతిని వేరుచేశాయి. పండుగ సెలవులకు వసతి గృహాల నుంచి ఊళ్లకు వెళ్లే విద్యార్థులు ఇంటి పెద్దలను ఒక్క ప్రశ్న అడగడానికి అయిదు నిమిషాలు చాలు. అక్షరాలు దిద్దించిన చేతుల రుణం తీర్చుకోవడానికి అది ఒక మార్గం.

కఠిన పదాలకు అర్థాలు

విశ్రాంత = ఉద్యోగ విరమణ చేసిన
కొండగుర్తు = దారి తెలిపే స్పష్టమైన ఆనవాలు
పారిశుద్ధ్యం = శుభ్రపరచడం
వర్ణకం = రంగునిచ్చే పదార్థం
దృష్టినాడి = కంటి నుంచి మెదడుకు సమాచారం చేరవేసే నరం
పోల్చుకొను = గుర్తుపట్టు
సముచితం = మిక్కిలి తగినది
జాప్యం = ఆలస్యం
అల్పదృష్టి = అద్దాలతో సరికాని తక్కువ చూపు
గాటన కట్టు = ఒకే విధమైనవిగా ఎంచు

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. వయోసంబంధ మాక్యులా క్షీణత ఏ విధంగా కలుగుతుందో, అందులోని రకాలను తెలుపుతూ వివరించండి.
2. 'ఆరోగ్యంగా ఉన్న కన్ను చేసే మేలే రోగికి కీడవుతుంది.' ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. శుక్లం, నీటికాసులు, మాక్యులా క్షీణతల మధ్య భేదాలను తెలపండి.
2. ఇంటిలో గళ్ల కాగితంతో చూపును పరీక్షించే విధానాన్ని రాయండి.
3. ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం వెల్లడించిన అంశాలు ఏవి?
4. విశ్రాంత ఉపాధ్యాయుడు తన అనుభవాన్ని ఇంటిలో ఎందుకు చెప్పలేదు? అందువల్ల కలిగిన ఫలితం ఏమిటి?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పచ్చచుక్కకు ఆ పేరు ఎందుకు వచ్చింది?
2. డ్రూసెన్ అంటే ఏమిటి?
3. రానిబిజుమాబ్‌కు అమెరికాలో ఏ సంవత్సరంలో అనుమతి లభించింది?
4. షార్ల్ బొనే ఎవరి అనుభవాన్ని ఆధారంగా చేసుకున్నాడు?

IV. భాషాంశాలు
1. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి: సర్వేంద్రియాలు, అత్యవసరం.
2. కింది పదాలకు విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: సరళరేఖ, తాతామనుమలు, రక్తనాళం.
3. 'చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొను' అనే జాతీయాన్ని సొంత వాక్యంలో ప్రయోగించండి.